ఒలింపిక్ క్రీడలు: చూచువారి ధర్మము

నాలుగేండ్ల కొకమాఱు ఒలింపిక్ క్రీడలు జరుగునపుడు మనలో పెక్కుమంది టెలివిజను ముందు గూర్చుందురు. కాని పోటీ ముగియకముందే పతకముల పట్టికను వెదకుదురు. మన దేశమున కెన్ని, పొరుగు దేశమున కెన్ని యని లెక్కించి, క్రీడలను చూచితిమని సంతోషింతురు. నేను క్రీడలయందు పండితుడను గాను, సామాన్య ప్రేక్షకుడను. అయినను ఈ పట్టిక మనకు జెప్పునది మిక్కిలి స్వల్పమని నా యభిప్రాయము.

ఏలయన, పట్టికలో మూడవ స్థానము వఱకే లెక్క. నాలుగవ స్థానమునకు సున్న. ఆ సున్న వెనుక నేమున్నదో చూడుడు. 1960లో రోము నగరమున 400 మీటర్ల పరుగునందు మిల్ఖాసింగు నాలుగవవాడయ్యెను. మూడవవానికిని ఆయనకును గల భేదము సెకండులో సుమారు పదవ వంతు. 1984లో లాస్ ఏంజెలిసునందు స్త్రీల 400 మీటర్ల హర్డిల్సు పరుగు మొదటిసారిగా ఒలింపిక్సులో చేర్చబడెను. పి. టి. ఉష పది అడ్డులను దాటి 55.42 సెకండులలో గమ్యము జేరెను. కంచు పతకము నొందిన రుమేనియా వనితకు పట్టిన కాలము 55.41 సెకండులు. ఱెప్పపాటు కన్నను తక్కువయైన ఈ కాలమునకు పట్టికలో చోటు లేదు.

పతకము వచ్చినచోట సైతము పట్టిక సర్వము జెప్పదు. 2000లో సిడ్నీ నగరమున 69 కిలోల తరగతిలో, శ్రీకాకుళము జిల్లాలో పెరిగిన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలెత్తి కంచు పతకము గైకొనెను. ఒలింపిక్ పతకము నొందిన భారత స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. ఆమెకు పైనున్న యిరువురును సమముగా 242.5 కిలోల చొప్పున నెత్తిరి. అట్టియెడ, శరీరపు బరువు తక్కువగా నున్నవారికే పైస్థాన మని నాటి నియమము. కావున చైనా వనితకు స్వర్ణమును, హంగేరీ వనితకు రజతమును లభించెను. ఈ నియమము నెఱిగినవారికి ఆ పోటీ యెంత రసవత్తరము! ఎఱుగనివారికి అది యొక యంకె మాత్రమే.

ఒలింపిక్ నియమావళి ప్రకారము ఈ పోటీలు క్రీడాకారుల నడుమ జరుగునవి గాని దేశముల నడుమ జరుగునవి కావు. ఇది మఱచినందుననే పతకము తేనివానిని మనము నిందింతుము. ఏండ్ల తరబడి వేకువనే లేచి సాధన చేసిన మనుజుని, ఆసనము విడువని మనము తూలనాడుట న్యాయమా?

విద్యార్థులారా! ఇక మీద ఏదేని యొక పోటీని చూడదలచినచో, ముందుగా దాని నియమములను దెలిసికొనుడు. ఏ కొలతతో గెలుపు నిర్ణయింతురో గమనింపుడు. పిమ్మట కడపటివాడు గీటు దాటువఱకు చూడుడు. మన పాఠశాల మైదానమునందును బహుమతి పొందినవారి కన్న పొందనివారే యెక్కువ. వారికొఱకు గూడ చప్పట్లు గొట్టగలవాడే నిజమైన ప్రేక్షకుడు.