వినలేని బిడ్డకు తోడెవరు?

లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఒక చిన్న సంగతి ఉంది. క్రిస్మస్ రోజుల్లో ప్రతి ఏటా చదువుతాము గాని అక్కడ ఆగి ఆలోచించము. ఎలీసబెతుకు కుమారుడు పుట్టాడు. ఎనిమిదవ రోజున ఇరుగుపొరుగు వారు, బంధువులు చేరి బిడ్డకు తండ్రి పేరే పెట్టబోయారు. తల్లి ఒప్పుకోలేదు. తండ్రియైన జెకర్యాకు అప్పటికి మాట లేదు. అయినా ఆయనను ఒక మూల కూర్చోబెట్టి మిగిలినవారు తమలో తాము తేల్చుకోలేదు. సైగలు చేసి ఆయన ఇష్టమేమిటో అడిగారు. ఆయన పలక తెప్పించుకొని బిడ్డ పేరు వ్రాశాడు.

మాట లేని మనిషిని ఆ ఊరివారు చేతులతో పలకరించి తమలో కలుపుకున్నారు. మరి మన ఊళ్ళలో వినలేని బిడ్డలను మనం అలా కలుపుకుంటున్నామా?

పేరు పోగొట్టుకున్న పిల్లలు

మహబూబాబాద్ జిల్లా మరిపెడ చుట్టూ పల్లెలు, వాటిని ఆనుకొని లంబాడీ తండాలు. మిర్చి, పత్తి, వరి పనులతో పొద్దు గడిచే ఊళ్ళు. ఇలాంటి ఊళ్ళలో వినికిడి లేని బిడ్డకు తరచుగా రెండు పేర్లుంటాయి. తల్లిదండ్రులు ప్రేమతో పెట్టుకున్నది ఒకటి, ఊరు పిలిచేది ఇంకొకటి. 'మూగోడు' అనో 'చెవిటిది' అనో పిలవడం అలవాటై, కొన్నాళ్ళకు అసలు పేరు బడి రిజిస్టరులో మాత్రమే మిగులుతుంది. పిలిచేవారి మనసులో ద్వేషం ఉండకపోవచ్చు. కాని ఆ బిడ్డకు పేరుతో పాటు చోటు కూడా పోతుంది.

రాత్రి అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు గమనించండి. ఎవరో ఏదో అంటారు, ఇంటిల్లిపాదీ నవ్వుతారు. ఆ బిడ్డ ఒక్కొక్కరి ముఖం చూసి, ఏమిటని చేయి తిప్పి అడుగుతుంది. ఏమీ లేదు, తిను అని అమ్మ సైగ చేస్తుంది. అన్నానికి, నీళ్ళకు, నిద్రకు ఆ ఇంట్లో సైగలున్నాయి. కాని నిన్న రాత్రి వచ్చిన కలను చెప్పడానికి లేవు. నాయనమ్మ ఎందుకు తిరిగి రాదని అడగడానికి లేవు. ఆకలి తీరుతుంది గాని మనసు మూగబోతుంది.

బడిలో మొదటి వరుసలో కూర్చోబెడితే చాలనుకుంటాము. పాట, బాట, మాట అనే మూడు మాటలను అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా పలికి చూడండి. పెదవులు మూడింటికీ ఒకే విధంగా కదులుతాయి. కేవలం పెదవులు చూసి పాఠం గ్రహించమనడం ఎంత భారమో తెలుస్తుంది. పైగా తండా బిడ్డ ఇంట్లో చూసే పెదవులు లంబాడీ పలుకుతాయి, బడిలో చూసేవి తెలుగు పలుకుతాయి. పంతులుగారు బల్లవైపు తిరిగి వ్రాస్తూ చెబితే ఆ పెదవులు కూడా కనపడవు. ఆ బిడ్డ పక్కవాడి పుస్తకం చూసి అక్షరాలు గుండ్రంగా దింపుతుంది. ఏటేటా తరగతి మారుతుంది గాని భావం అందదు.

పిల్లలు కలిస్తే భాష పుట్టింది

మధ్య అమెరికాలో నికరాగువా అనే చిన్న దేశం ఉంది. 1970ల వరకు అక్కడి బధిర బిడ్డలు ఎవరి ఇళ్ళలో వారు ఒంటరిగా పెరిగేవారు. 1977 తరువాత రాజధాని మనాగువాలో వారిని బడిలో చేర్చారు. టీచర్లు పెదవుల కదలికతో స్పానిష్ నేర్పాలని చూశారు. అది పెద్దగా ఫలించలేదు. అయితే ఆటస్థలంలో, బస్సులో ఆ పిల్లలు తమ తమ ఇళ్ళ సైగలను ఒకరికొకరు చూపుకున్నారు. కొద్ది సంవత్సరాలలో ఆ సైగలు కలిసి, వ్యాకరణం గల ఒక కొత్త భాష అయింది. 1986 నుండి భాషా పండితులు దానిని అధ్యయనం చేశారు.

ఆ పిల్లలకు భాషను ఎవరూ బహుమానంగా ఇవ్వలేదు. తమవంటి తోటివారు దొరికారు, అంతే. సైగల భాష అరకొర భాష కాదు. దానితో ప్రార్థించవచ్చు, లెక్కలు చెప్పవచ్చు, పోట్లాడవచ్చు, హాస్యమాడవచ్చు. బధిరులు తమలో ఒక్కొక్కరికి ఒక సైగ పేరు పెట్టుకుంటారు. బుగ్గమీది సొట్టో, నుదుటి మచ్చో, నవ్వే తీరో చూసి పెట్టే పేరు అది. ఊరిలో పేరు పోయిన బిడ్డకు అక్కడ పేరు దొరుకుతుంది.

పెద్దలు దీనిని గుర్తించడానికి చాలాకాలం పట్టింది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో కూడిన బధిర విద్యా మహాసభ, బడులలో సైగలు వద్దు, నోటిమాటే నేర్పాలని తీర్మానించింది. అనేక దేశాలలో తరగతి గదులనుండి సైగలను తొలగించారు. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అదే కోవకు చెందిన మహాసభ, ఆ తీర్మానం వలన జరిగిన కీడుకు విచారం తెలిపింది. ఆ విచారానికి 130 సంవత్సరాలు పట్టింది.

దూరపు బడియా, ఊరి బడియా?

ఇక్కడ తల్లి గుండెను కోసే ప్రశ్న ఒకటుంది. పట్టణంలోని బధిరుల వసతి పాఠశాలకు పంపితే బిడ్డకు స్నేహితులు, భాష దొరుకుతాయి. కాని ఆరేళ్ళ బిడ్డ ఇంటికి దూరమవుతుంది. సెలవులకు వచ్చినప్పుడు బిడ్డ చేతులు ఏమి చెబుతున్నాయో అమ్మకే అర్థం కాదు. ఊరి బడిలోనే ఉంచితే అమ్మ ఒడి ఉంటుంది, కాని మాట్లాడేవారుండరు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం, అంతకు మించి వైకల్యం గల బిడ్డలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. దగ్గరి బడియైనా, ప్రత్యేక పాఠశాలయైనా ఎంచుకోవచ్చు. ఏది మంచిదని అందరికీ ఒకే జవాబు లేదు. కాని ఒకటి మాత్రం నిశ్చయం. ఇంట్లోవారు సైగలు నేర్చుకోకపోతే రెండు దారులలోనూ ఆ బిడ్డ సగం అనాథే. నేర్చుకుంటే రెండు దారులలోనూ ఆ బిడ్డకు ఇల్లు ఉంటుంది.

మన సంఘాలకు ఈ పని కొత్తది కాదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, మన డోర్నకల్ ప్రాంతానికి సేవకులను పంపారు. ఆ స్థాపకులలో ఒకరైన వి.ఎస్. అజరయ్యగారు 1912లో డోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషిక్తులయ్యారు. అదే తిరునెల్వేలి సీమలో, పాలయంకోటలో, పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఫ్లారెన్స్ స్వెయిన్సన్ అనే మిషనరీ బధిర బిడ్డలకు పాఠశాల ప్రారంభించింది. అది నేటికీ ఆమె పేరుతో నడుస్తున్నది. మనకు సువార్త అందించిన చేతులకు సైగలు కూడా తెలుసునన్నమాట.

ప్రార్థన మానవద్దు, బిడ్డను ఆపవద్దు

మరొక మాట ప్రేమతో చెప్పాలి. కొందరు తల్లిదండ్రులు స్వస్థత కూటములకు తిరుగుతూ, నేడో రేపో చెవులు తెరుచుకుంటాయని బిడ్డను బడికి పంపక ఎదురుచూస్తారు. ఇంకొందరు ఇది ఎవరి పాపమోనని తల్లిని నిందిస్తారు. పుట్టుగ్రుడ్డివానిని చూపి శిష్యులు ఇదే ప్రశ్న అడిగినప్పుడు ప్రభువు ఆ నిందను త్రోసివేశాడు. ప్రార్థించండి, తప్పక ప్రార్థించండి. కాని చిన్నతనంలో భాష నాటుకొనే కాలం వానకాలం వంటిది. అదను దాటాక విత్తిన గింజ సరిగా మొలవదు.

మార్కు సువార్త ఏడవ అధ్యాయం చూడండి. చెవిటివానిని కొందరు యేసునొద్దకు తెచ్చారు. ఆయన వానిని గుంపులోనుండి పక్కకు తీసుకొనిపోయి, చెవులలో వ్రేళ్ళు ఉంచాడు, నాలుక ముట్టాడు, ఆకాశమువైపు చూసి నిట్టూర్చాడు. చెవులు తెరుచుకోవాలని ఆజ్ఞాపించక ముందే, వినలేనివానికి కంటికి కనపడేటట్లు తన మనసు తెలిపాడు.

మనం చేయగలిగినది

ఇంటిలో: గిన్నె కిందపడినా బిడ్డ ఉలికిపడకపోతే, మాటలు ఆలస్యంగా వస్తాయిలే అని ఊరుకోకండి. వెంటనే చెవి డాక్టరుకు చూపించండి. మిషను పెట్టించినా సైగలు మానకండి. సైగలు నేర్పితే మాటలు రావనే భయం వద్దు. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సైగభాషా పరిశోధన శిక్షణ సంస్థ 2021 నాటికి 10,000 పదాల నిఘంటువును వీడియోలుగా తెచ్చింది. సెల్‌ఫోనులో చూసి రోజుకు రెండు సైగలు ఇంటిల్లిపాదీ నేర్చుకోవచ్చు. అన్నం దగ్గర నవ్వు వచ్చిన మాటను ఆ బిడ్డకు కూడా చెప్పండి.

బడిలో: పంతులుగారు వెలుగు తన ముఖంమీద పడేలా నిలబడి, పిల్లలవైపు తిరిగి చెప్పాలి. తోటి పిల్లలకు సైగలు నేర్పాలి, వారు పెద్దలకంటె త్వరగా నేర్చుకుంటారు. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కొరకు మండలాలలో నడిచే భవిత కేంద్రాల గురించి అడిగి తెలుసుకోండి. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకెందరు బధిర బిడ్డలున్నారో అడిగి, నెలకొకసారైనా వారిని కలపండి.

సంఘంలో: సండేస్కూలులో కథను బొమ్మలతో, అభినయంతో చెప్పండి. క్రిస్మస్ నాటకంలో ఆ బిడ్డకు గొఱ్ఱెల కాపరి వేషమో, దూత వేషమో ఇవ్వండి. కాపరమ్మగారు, యవ్వనస్థులు కనీసం 20 సైగలు నేర్చుకోండి. మొదటి సైగ ఆ బిడ్డ పేరు కావాలి.

వచ్చే ఆదివారం గుడి మెట్లమీద ఆ బిడ్డ కనపడితే తల నిమిరి వెళ్ళిపోకండి. ఎదురుగా కూర్చొని ఆ పేరును చేతితో పిలవండి. ఆ ముఖం మీకు జవాబు చెబుతుంది.