స్విచ్చుల కవిలె



పత్తికొండ యనగానే చరిత్ర నెరిగినవారికి, 1827వ సంవత్సరమున కలరా సోకి యిచ్చట మరణించిన మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో జ్ఞప్తికి వచ్చును. ఆయన వ్యాపింపజేసిన రైతువారీ విధానమునకు గ్రామ కరణము లెక్కలే ఆధారము. కరణము కవిలెయు, తాలూకా కచేరిలోని ప్రతియు సరిపోలనిచో చేటు రైతునకే. నేడు నేను చెప్పబోవు విషయమును అట్టిదే.

కార్యాలయమునందలి కంప్యూటర్లను స్విచ్చి యను పెట్టెలకు తగిలింతురు. ఒకే తీగెలపై లెక్కల శాఖకొక దారి, టెలిఫోనులకొక దారి యుండుటకై చేసిన విభాగమునకు వీలాను అని పేరు. 1998లో వెలువడిన 802.1క్యూ ప్రమాణమును బట్టి వీనికి 1 మొదలు 4094 వరకు సంఖ్యల నీయవచ్చును. ఇరువది స్విచ్చులున్నచోట ప్రతిదానియందును ఈ పట్టికను చేతితో వ్రాయుట కష్టము. అందుచే సిస్కో సంస్థ వీటీపీ యను పద్ధతిని కల్పించినది.

ఇందు సర్వరునందు పట్టికను మార్చవచ్చును. క్లయింటు దానిని స్వీకరించును. ట్రాన్స్‌పరెంటు తన పట్టికను తానుంచుకొని వచ్చిన వార్తను ముందుకు పంపును. మార్పు జరిగినప్పుడెల్ల సవరణసంఖ్య ఒకటి పెరుగును. మార్పు జరిగిన వెంటనేయు, లేనిచో అయిదేసి నిమిషములకును, ట్రంకు దారులపై ఆ సంఖ్య ప్రకటింపబడును. డొమైను పేరును, సంకేతపదమును ఒకటైనచో, పెద్ద సంఖ్య గల పట్టికయే సత్యమని తక్కినవి నమ్మును.

ఆ నమ్మకమే ఒకనాడు నన్ను ముంచినది. పత్తికొండలోని యొక కార్యాలయమున, చెడిన స్విచ్చికి బదులుగా, అదే డొమైనులో నుండి తీసి ప్రయోగములకు వాడిన పాత స్విచ్చిని తగిలించితిని. దాని పట్టిక దాదాపు శూన్యము. సంఖ్య మాత్రము పెద్దది. క్షణములో తక్కిన స్విచ్చులు తమ వీలానులను తుడిచివేసికొనెను. వానికి చేర్చిన పోర్టులన్నియు నిశ్చేష్టములయ్యెను. వేరుసెనగ పనులు మాని పల్లెలనుండి వచ్చిన రైతులు అపరాహ్ణము వరకు అరుగుపై కూర్చుండిరి. "ఏం సామీ, ఈ పొద్దన్నా మా పని అయితాదా?" యని యొక వృద్ధుడడుగగా నేను తలయెత్తలేకపోతిని. కాగితముపై వ్రాసియుంచిన పట్టికయే మమ్ము కాపాడినది.

కావున, స్విచ్చిని తగిలించుటకు ముందే దానిని ట్రాన్స్‌పరెంటు స్థితికి మార్చిగాని, డొమైను పేరు మార్చిగాని, సంఖ్య సున్నయైనదని కన్నులార చూడవలెను. వీటీపీ మూడవ కూర్పులో ప్రైమరీ సర్వరుగా నియమింపబడిన స్విచ్చి మాత్రమే పట్టికను మార్చగలదు, అది మేలు.

కవిలె యెన్నిమారులు తిరుగవ్రాయబడినదను లెక్క, అందలి వ్రాత సత్యమనుటకు సాక్ష్యము కాదు.