పైరులలో ఫ్లోరిన్ చేరు విధము

నల్లగొండ జిల్లాలో పెక్కు గ్రామముల బావినీటిలో ఫ్లోరిన్ మిక్కుటముగా నున్నది. అది అచ్చటి గ్రానైటు రాళ్లనుండి కరగి నీటిలో చేరునది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించినచో ఆ నీరు త్రాగుటకు తగదు. మరి ఆ నీరు పారిన మడిలోని పైరు మాట యేమి?

పైరు ఫ్లోరినును గ్రహించును. కాని అంతయు గాదు. నేలలోని బంకమన్నును సున్నమును దానిని చాలవరకు పట్టియుంచును. ఇసుకపాలు హెచ్చైన చెల్కనేలలో ఆ పట్టు తక్కువ. వేరు పీల్చినది నీటితోబాటు ఆకులకు జేరును. ఎండకు నీరు ఆవిరియై పోవును, ఫ్లోరిన్ పోదు. అందుచే అది ఆకుల కొనలయందును అంచులయందును నానాటికి పేరుకొనును. మితిమీరినచో ఆ యంచులు మాడును. రైతులు దీనిని నీటియెద్దడి యని పొరబడుట కలదు. లేతాకునకంటె ముదురాకున హెచ్చు. తేయాకు మొక్క యిట్లు కూడబెట్టుటలో ప్రసిద్ధము. గింజకు జేరునది స్వల్పమే.

ఇటుకబట్టీల పొగలోని ఫ్లోరిన్ వేరుతో బనిలేకయే ఆకుల సూక్ష్మరంధ్రముల గుండ లోన జొచ్చును.

కావున అట్టి బావి క్రింద వరి పండించు రైతు గింజను గూర్చి అంతగా భయపడ నక్కరలేదు. ఆకుకూరలను, పచ్చిమేతను గూర్చి యోచింపవలెను. వాననీటితో నిండిన చెరువు దాపుననున్నచో కూరమడికి ఆ నీరే పెట్టుట మేలు. పశువుల తొట్టికిని ఆ నీరే పోయవలెను. ఏలయన సాధారణముగా వాటికి మేతవలనకంటె త్రాగునీటివలననే ఫ్లోరిన్ హెచ్చుగా చేరుచుండును.