నాదస్వరం కొనేటప్పుడు తూకం చూడకండి

అపోహ: బరువుగా ఉన్న వాద్యమే బాగా మోగుతుంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు పెళ్లిళ్ల కాలం వస్తోందంటే కొత్త నాదస్వరం కొనే ఆలోచనలు మొదలవుతాయి. చేత్తో ఎత్తి చూసి, బరువుంటే మంచి సరుకు అనుకోవడం మామూలే. కానీ మోగేది కర్ర కాదు, దాని లోపలి గాలి. లోపలి రంధ్రం పైనుంచి కిందికి ఎలా వెడల్పవుతోంది, స్వర రంధ్రాలు ఎలా తొలిచారు, పీక ఎలాంటిది అన్నవే నాదాన్ని నిర్ణయిస్తాయి. అమెరికాలో భౌతిక శాస్త్రవేత్త జాన్ కోల్ట్‌మన్ లోపలి కొలతలు ఒకేలా ఉండే వేణువులను వెండితో, రాగితో, కర్రతో చేసి వాయింపజేశాడు. ఏది ఏదో సంగీతజ్ఞులు సైతం చెవితో పోల్చలేకపోయారు. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. అంతకు ముందే, 1964లో, క్లారినెట్ గొట్టం గోడల మీద జాన్ బాకస్ చేసిన పరిశోధన కూడా ఇటే మొగ్గింది.

బరువు తెలిసేది చేతులకే. ఊరేగింపులో గంటల తరబడి ఎత్తి పట్టుకోవాల్సింది వాటితోనే కదా!

అందుకే తూకం మాని లోపలికి చూడండి. పీక, అడుగున ఉండే అణసు తీసేసి, గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వెడల్పు వైపునుంచి కన్ను పెట్టండి. గోడ నున్నగా, ఒకే తీరున సన్నబడుతూ పోవాలి. తరిమెన పట్టినప్పటి వలయాలు, మెట్లు, లేచిన పీచు కనిపిస్తే ఆ వాద్యం వద్దు. తర్వాత ఒక్కో రంధ్రం అంచునూ వేలికొసతో తడమండి. పెచ్చు లేచి ఉంటే వేలికి తగులుతుంది.

అపోహ: అయితే ఏ కర్రయినా ఒకటే.

అదీ పొరపాటే. లోపల తొలిచిన కొలత ఏళ్ల తరబడి చెదరకుండా నిలవాలంటే కర్ర గట్టిగా, చిక్కటి నారతో ఉండాలి. తమిళనాట కుంభకోణం దగ్గరి నరసింగపేట్టైలో నాదస్వరాలకు వాడే ఆచ్చా కర్ర మన రాయలసీమ మెట్ట అడవుల్లో పెరిగే నారేపే. పాశ్చాత్యులు ఓబో అనే తమ పీక వాద్యానికి ఆఫ్రికా గ్రెనడిల్లా కర్రను ఎంచుకున్నదీ ఇలాంటి గుణం కోసమే. ఇంతకన్నా ముఖ్యం కర్ర వయసు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసింగపేట్టై నాదస్వరాన్ని చేసే వడ్రంగులు పాత ఇళ్లనుంచి తీసిన, దశాబ్దాలుగా ఆరిన కలపను వెతికి తెస్తారు. అణసుకు మాత్రం దిరిసెన కర్ర వాడతారు.

అపోహ: పగిలిందంటే నాసిరకం కర్రే.

ఊపిరి తడికి లోపలి పొర ఉబ్బుతుంది, బయటి పొర మన ఎండగాలికి పొడిగానే ఉంటుంది. ఆ లాగుడుకు మంచి కర్రకైనా నిలువునా చీలిక పడవచ్చు. ఖరీదైన ఓబోలకూ ఈ బెడద తప్పదు. కావేరి ఒడ్డున చేసిన వాద్యం మన జిల్లా పొడిగాలికి అలవాటు పడాలి గనుక, మొదటి వారాల్లో రోజూ కొద్దిసేపే వాయించి, లోపలి తడిని గుడ్డతో తుడవండి. ఎండలో నిలిపిన వాహనంలో మాత్రం వదలకండి.

అపోహ: పొడుగు ఎక్కువైతే మేలురకం.

పొడుగు పెరిగితే శ్రుతి దిగుతుంది, అంతే. పొట్టి తిమిరి హెచ్చు శ్రుతిలో, పొడుగు బారి తగ్గు శ్రుతిలో పలుకుతాయి. నాదస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్లై కోసం నరసింగపేట్టై రంగనాథన్ ఆచారి శుద్ధ మధ్యమం సరిగ్గా పలికేలా బారిని తీర్చిదిద్దాక అదే కచేరీలకు వాడుకైంది. మీ మేళం ఏ శ్రుతిలో వాయిస్తుందో ముందే తేల్చుకోండి. జోడుగా వాయించేవాళ్లయితే రెండో నాదస్వరాన్ని, మీకు అలవాటైన పీకను వెంట తీసుకెళ్లి, అక్కడే రెండూ కలిపి శుద్ధ మధ్యమం వచ్చే రాగం ఒకటి పూర్తిగా వాయించి చూడండి.