విద్యుద్వాహనములును నల్లగొండ గాలియును

కేంద్రప్రభుత్వము 2019లో జాతీయ శుద్ధవాయు కార్యక్రమమును ప్రారంభించి, గాలి చెడిన పట్టణముల పట్టికను ప్రకటింపగా, అందు హైదరాబాదు సరసన నల్లగొండ పేరును చేరినది. ఇన్నాళ్లును నీటిలోని ఫ్లోరైడుచే పేరుమోసిన యూరికి గాలివలనను అపకీర్తి వాటిల్లినది. ఫ్లోరైడును తొలగించు నొక పద్ధతికే నల్లగొండ పద్ధతియని నామము గలదు. అట్టి ఖ్యాతి మఱియొకటి మనకు వలదు.

ఈ వ్యాధికి విద్యుద్వాహనములే దివ్యౌషధమని నేడు ప్రచారము సాగుచున్నది. రాష్ట్రప్రభుత్వము 2024 నవంబరులో నూతనవిధానమును ప్రకటించి, 2026 డిసెంబరు 31 వఱకు విద్యుద్వాహనములకు రోడ్డుపన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించినది. పాలమూరు చెంత దివిటిపల్లిలో అమరరాజా సంస్థ పదేండ్లలో 9,500 కోట్ల రూపాయల వ్యయముతో లిథియం బ్యాటరీల కర్మాగారమును నెలకొల్పబూని 2023 మే నెలలో శంకుస్థాపన జరిపినది. ముడిచమురునకై దేశధనము పరదేశముల పాలగుచుండగా ఈ ప్రయత్నమును హర్షింపని దేశాభిమాని యుండడు. కాని బండి స్వదేశీయమైనంతనే గాలి శుద్ధమగునా?

పది మైక్రానుల లోపు ధూళి సంవత్సరపు సగటున ఘనపుమీటరునకు 60 మైక్రోగ్రాములు మించరాదని 2009 నాటి జాతీయప్రమాణము. మన పట్టణములలో ఈ ధూళి కేవలము మోటారుపొగవలన గలుగునది కాదు. ఊడ్వని వీథులు, కప్పులేని ఇసుకలారీలు, కంకరమిల్లులు, కట్టడముల సిమెంటు: ఇవియు దానిని పెంచును. దుమ్ముబాటపై నడచు బండి విద్యుత్తుతో నడచినను దుమ్మే రేపును. టైరుల అరుగుదలయు నుండనే యుండును. అయినను డీజిలుపొగలోని సూక్ష్మమసి, నత్రజని వాయువులు కంటికి గనబడు దుమ్ముకంటె లోతుగ ఊపిరితిత్తులలో జొచ్చును. గడియారస్తంభము కూడలిలో దినమెల్ల దుకాణము తెఱచి కూర్చుండు వర్తకునకు, పొగలేని ఆటో నిజమైన మేలే. ఇందు మాకు సందేహము లేదు.

సందేహ మెల్ల దామరచర్ల విషయమున. అచ్చట వీర్లపాలెమున 800 మెగావాట్ల యంత్రములైదింటితో 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రము సంకల్పింపబడి, 2015లో శంకుస్థాపన జరిగినది. దాని యాహారము బొగ్గు. పట్టణవాసి రాత్రి బండికి విద్యుత్తు నెక్కించునపుడు అతని వీథిలో తగ్గిన పొగలో కొంతభాగము కృష్ణాతీరపు రైతు నెత్తిపై వెడలును. గంధకవాయువు చిమ్నీని విడిచి గాలిలో సూక్ష్మధూళిగ మాఱి దూరదేశములకు బోవును. కనుక పట్టణవాసియు పూర్తిగ తప్పించుకొనలేడు. ఇట్లుండ కేంద్రప్రభుత్వము 2025 జులైలో, మహానగరములకును గాలి చెడిన పట్టణములకును పది కిలోమీటర్లకు ఆవల నున్న బొగ్గుకేంద్రములలో అధికభాగమునకు గంధకమును హరించు యంత్రముల నిబంధనను సడలించినది. పల్లెవాని ఊపిరితిత్తులు పట్టణవానివానికంటె గట్టివని యెవరు తేల్చిరి?

మార్గము లేకపోలేదు. పాలమూరు మెట్టలలో సౌరవిద్యుత్కేంద్రములు వెలసినవి. శ్రీశైలము, నాగార్జునసాగరముల జలవిద్యుత్తున్నది. బస్సు డిపోలలో, కచేరీలలో, అంగళ్లలో పగటివేళ విద్యుత్తు నెక్కించు వసతి కల్పించి పగటి రేటు తగ్గించినచో, సూర్యుడే బండిని నడుపును. మిర్యాలగూడ ఆయకట్టు భూస్వాములకును ఒకమాట: యాసంగి కోతలైనపిదప వరికొయ్యలకు నిప్పుపెట్టి, మఱునాడు విద్యుత్ కారులో పట్టణమునకు వచ్చుట పరిహాసాస్పదము.

ప్రస్తుతము ప్రభుత్వమును మేము కోరునది స్వల్పము. దామరచర్ల చుట్టుపట్ల గ్రామములలో గాలిని కొలుచు యంత్రముల నుంచి, ఆ లెక్కలను దినదినము తెలుగున పంచాయతీ కచేరీల గోడలపై వ్రాయింపవలెను. గంధకహరణ యంత్రములను, నిబంధన సడలినను, యాదాద్రిలో విడువక నడుపవలెను.