పొయ్యి ముందు నూరేళ్ళు

గుడివాడ అనగానే మనలో చాలామందికి కృష్ణా జిల్లాలోని పట్నం గుర్తుకు వస్తుంది. మస్తానమ్మది ఆ గుడివాడ కాదు. గుంటూరు జిల్లాలో, తెనాలి దగ్గర, మాగాణి చేల మధ్య అదే పేరుతో ఒక చిన్న పల్లె ఉన్నది. ఆ పల్లెలో ఒక గుడిసెలో ఉంటూ తన వంట తానే వండుకు తినే ముసలమ్మ 2016లో ఆరుబయట పొయ్యి వెలిగించి కూర వండితే, ఆ వంటను సముద్రాల ఆవలివాళ్ళు కూడా కూర్చుని చూశారు. తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు సైతం ఆమె నవ్వు చూసి మురిసిపోయారు.

ఆమె మునిమనుమడొకడు, అతని స్నేహితుడు కలిసి యూట్యూబులో వంటల వీడియోలు పెట్టాలనుకున్నారు. చెయ్యి తిరిగిన వంటమనిషి కోసం వాళ్ళు ఎక్కడికీ పోనక్కరలేకపోయింది. ఆ ఇంట్లో చేతి రుచి ఎవరిదంటే మస్తానమ్మదే. ‘కంట్రీ ఫుడ్స్’ అని దానికి పేరు పెట్టారు. తొలినాళ్ళలో చూపించిన వంటల్లో వంకాయ కూర ఒకటి. రెండేళ్ళు తిరిగేసరికి చందాదారుల సంఖ్య పది లక్షలు దాటింది. పుచ్చకాయ డొల్లలో కోడికూర వండిన వీడియో ఒక్కటే కోటిమంది చూశారు.

అప్పటికి తన వయస్సు నూట అయిదని ఆమె లెక్క. 2018 డిసెంబరులో కన్ను మూసేనాటికి నూట ఏడు. దానికి పుట్టిన తేదీ కాగితమేమీ లేదు. ఉండదు కూడా. జనన మరణాలు వ్రాయించి తీరాలని దేశమంతటికీ ఒకే చట్టం వచ్చిందే 1969లో. అంతకు ముందు కూలి చేసుకు బ్రతికే ఇంట ఆడపిల్ల పుట్టిన తేదీ ఎవరు వ్రాసి పెట్టారు? “గాలివాన వచ్చిన యేడు నేను చంకబిడ్డను”, “పెద్దాడు కడుపున పడ్డ యేడు కాలవకు గండి పడింది” — మన ఇళ్ళలో పెద్దవాళ్ళ వయస్సులన్నీ ఇలా తేలినవే గదా! పత్రికలవాళ్ళు కొందరు ఈ సంఖ్య దగ్గరే ఆగిపోయారు. నిజమా, కాదా అని వాదులాడారు. అందులోంచి ఒక పదేళ్ళు తీసేసినా, ఆ బ్రతుకు బరువు వీసమెత్తు తగ్గదని నా ఉద్దేశం.

ఆమె పేరు గురించి ఒక మాట. గుంటూరులో కాలే మస్తాన్ షా వలీ దర్గా ఉన్నది. ఆ చుట్టుపక్కల జిల్లాల్లో హిందువులూ, క్రైస్తవులూ కూడా పిల్లలకు మస్తాన్, మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుకోవడం పాత అలవాటు. మతమేదైనా మొక్కు మొక్కే!

పదకొండో యేట పెళ్ళయిందని మస్తానమ్మ చెప్పేది. ఆమె లెక్క ప్రకారమే అయితే అది 1922 ప్రాంతం. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం 1929లో వచ్చి, 1930లో అమలయింది. ఆ చట్టం ఆడపిల్ల పెళ్ళికి పధ్నాలుగేళ్ళన్నా నిండాలన్నది. ఈమెకు ఆ రక్షణ అందలేదు. ఇరవై రెండేళ్ళకు భర్త పోయాడు. అయిదుగురు బిడ్డలు. చేతిలో ఆస్తి లేదు. ఉన్నదల్లా రెక్కలు.

కృష్ణ పడమటి డెల్టాలో రెక్కల కష్టం అంటే ఏమిటో ఆ ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టిన తర్వాత కాలవలు తెనాలి సీమను మాగాణి చేశాయి. మాగాణి భూస్వామికి ధాన్యపు గాదె ఇచ్చింది. కూలి ఆడదానికి ఏడాది పొడుగునా వంగిన నడుము ఇచ్చింది. నారుమడి తీయడం, మోకాలి లోతు బురదలో వెనక్కు వెనక్కు నడుస్తూ నాట్లు వేయడం, ఆ తర్వాత కలుపు. వరి పండుముఖం పట్టగానే చేలో మినుములూ పెసలూ చల్లడం. కోత, కుప్ప, నూర్పిడి. ఆ వెంటనే మినుము పీకడం. ఆ కాలంలో కూలి డబ్బుగా వచ్చినది తక్కువ, గింజలుగా వచ్చినది ఎక్కువ. ఆ గింజలు కొంగున కట్టుకుని ఇంటికి వస్తే అవి తినడానికి పనికిరావు. దంచాలి, చెరగాలి, నూకలు వేరు చెయ్యాలి. అప్పుడు గాని ఎసట్లో పడవు. పొద్దున చేలో పని ఒక పూట. పొయ్యి దగ్గర పని మరొక పూట. ఈ రెండవ పూటకు కూలి ఇచ్చినవాళ్ళు లేరు. జనాభా లెక్కలవాళ్ళు కూడా ఇంటిపని చేసే ఆడదాన్ని ఇప్పటికీ పని చేయనివారి కిందనే వ్రాసుకుంటారు.

పసిబిడ్డలతో ఉన్న విధవరాలికి వంట అంటే ఉన్నదాన్ని సాగదీయడం. గుప్పెడు పప్పులో చారెడు గోంగూర. కాలవలో దొరికిన చిన్న చేపలకు ఇంత చింతపండు. వట్టి గంజిలో ఉప్పురాయి, పక్కన ఎండుమిరపకాయ. చవకగా వచ్చే వంకాయకు ఎంత వన్నె తేవాలో అంతా తేవడం. తరువాత కోటిమంది మెచ్చుకున్న ఆ చేతివాటం ఇలాంటి పొయ్యిల దగ్గర అబ్బినదే. వీడియోలలో ఆమె అల్లం పొట్టు బొటనవేలి గోటితో గీరేస్తుంటే చూసేవాళ్ళకు వింతగా తోచింది. ఇందులో వింతేమున్నది? చేతిలో కత్తి లేకపోయినా ఆగని పని అది.

ఇక్కడ ఒక సంగతి కొంచెం నిదానించి ఆలోచించాలి. మస్తానమ్మను చూసినవాళ్ళు తరచుగా అనే మాట: “ఆ రోజుల తిండి అటువంటిది, అందుకే అంత బలం!” మన ఇళ్ళలోనూ భోజనాల దగ్గర ఇదే పాట. కాని ఆమె అయిదుగురు బిడ్డల్లో నలుగురు ఆమె కళ్ళముందే పోయారు. మిగిలినది ఒక్కరు. వాళ్ళు తిన్నదీ ఆ తల్లి చేతి అన్నమే. 1911–21 మధ్య మన దేశంలో సగటు ఆయుర్దాయం ఇరవై యేళ్ళకు అటూ ఇటూ. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా ఒక్కటే కోటికి పైగా ప్రాణాలు తీసింది. కలరా, మశూచి ఊళ్ళకు చుట్టపుచూపుగా వచ్చిపోతుండేవి. ఆనాటి తిండికి అంత మహత్తే ఉంటే ఆ నలుగురూ ఏమయినట్లు? నూరేళ్ళు బ్రతికినవాళ్ళు మన ముందు కూర్చుని నవ్వుతారు. పోయినవాళ్ళ మాట చెప్పడానికి ఎవరూ ఉండరు. మస్తానమ్మ ఆయుస్సు ఆ కాలపు గొప్పతనం కాదు, ఆ కాలాన్ని ఆమె తట్టుకుని నిలవడం.

బిడ్డలు పోయినా వంశం నిలిచింది. మనుమలు, మునిమనుమలు వచ్చారు. వాళ్ళందరి ఆకలీ ఆమె ఆకలే. మరి అటువంటి మనిషి ఏ మనుమడి పంచనో విశ్రాంతిగా కూర్చున్నదా అంటే, అదీ లేదు. విడిగా తన గుడిసెలో తాను ఉండేది. తన పనులు తానే చేసుకునేది. వంట దగ్గర మరొకరు వచ్చి చెయ్యి పెడితే ఆమెకు గిట్టేది కాదట! ఇది పట్నవాసులకు కొంత విడ్డూరంగా ఉంటుంది. “అంతమంది ఉండి ముసలిదాన్ని ఒంటరిగా వదిలేశారా?” అని బుగ్గలు నొక్కుకునేవాళ్ళూ ఉంటారు. పల్లెల్లో ఇటువంటి అవ్వలను చూసినవారు ఆ మాట అనరు. పది గడపల అవతలే అందరూ ఉంటారు. కాని పొయ్యి మాత్రం తనది. ఎనభై యేళ్ళు అందరికీ పెట్టిన చెయ్యి, చివరికి మరొకరి ముందు చాపవలసి రాకూడదన్నది వాళ్ళ పట్టుదల. ప్రేమకూ దీనికీ ఏ వైరమూ లేదు.

ఇక వంటల మాట. పుచ్చకాయలో కోడి నాకు అంతగా నచ్చలేదు. అది కొత్తదనం కోసం చేసిన పని, పిల్లలకు సరదా. ఈమూ పక్షి గుడ్డు కూడా అంతే. ఆమె అసలు పనితనం చూడాలంటే చేపల పులుసు పెట్టేటప్పుడు, పీతలు వండేటప్పుడు, రొయ్యలు వేయించేటప్పుడు చూడాలి. నేల మీద కూర్చుని, మంట ఎక్కువైతే కట్టె వెనక్కు లాగి, తక్కువైతే ముందుకు తోసి, మధ్యమధ్య పక్కవాళ్ళతో మాట్లాడుతూ నవ్వుతూ, చెయ్యి మాత్రం ఎక్కడా తడబడకుండా వండుకుపోతుంది. తయారయిన తర్వాత పిల్లలకు వడ్డించడంలో ఉన్న ఆత్రం కెమెరా కోసం తెచ్చిపెట్టుకున్నది కాదు.

వంద దాటిన వయస్సులో వచ్చిన ఆ పేరు ఆమెను ఎంతవరకు తాకిందో పైకి తెలియదు. దూరదేశాలవాళ్ళు చూస్తున్నారని మునిమనుమడు చెబితే సంతోషించేది. ఆ పూట వండవలసినది వండేది. చివరి నెలల్లో ఆరోగ్యం చెడింది, వంటలు ఆగిపోయాయి. 2018 డిసెంబరు మొదటివారంలో ఆమె పోయిన వార్తను విదేశీ పత్రికలు కూడా ప్రచురించాయి. పుట్టిన రోజు ఎక్కడా నమోదు కాని మనిషి పోయిన రోజు మటుకు ప్రపంచమంతటా అచ్చయింది.

వీడియోలు మిగిలాయి. వాటిని చూసి వండుదామని కాగితమూ కలమూ తీసుకుని కూర్చునే ఇల్లాళ్ళకు ఒక ఇబ్బంది. ఆ చేతికి చెంచా లెక్క లేదు. కారం పిడికిట్లోంచి పడుతుంది, ఉప్పు వేళ్ళ సందున జారుతుంది. ఎంత వేసిందో చెప్పదు. వీడియో వెనక్కు తిప్పి, ఆ చెయ్యి కుండ మీదికి వచ్చినప్పుడల్లా ఆపి చూసుకోవలసిందే.