ఆ తాడు ఏ సెక్షన్‌లో ఉంది?

ఆదివారం సాయంత్రం కొత్తపట్నం బీచ్ ఎలా ఉంటుందో ఒంగోలు వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. బైకులు, కార్లు, మొక్కజొన్న పొత్తులు, సెల్ఫీలు. ఆ జనం మధ్యలో చొక్కా లేని ఒకాయన తనలో తానే మాట్లాడుకుంటూ, ఉన్నట్టుండి వచ్చేపోయే వాళ్ల మీద అరుస్తున్నాడనుకోండి. ముందు పది ఫోన్లు పైకి లేస్తాయి. "ఫుల్లుగా తాగాడు" అని ఒకరు, "పిచ్చోడురా" అని ఇంకొకరు, "పిల్లల్ని ఎత్తుకెళ్లే బ్యాచ్ ఏమో" అని మరొకరు. ఎవరో 112కి ఫోన్ కొడతారు. జీపు వస్తుంది.

జీపు దిగిన కానిస్టేబుల్ ఏం చేయాలి? "అది ఆయన ఇష్టం, మూడ్‌ని బట్టి ఉంటుంది" అనే మనలో చాలామంది అనుకుంటాం. కాదు. చట్టంలో దీనికి క్లియర్‌గా జవాబుంది. ఆ జవాబు రోడ్డు మీదకి ఎందుకు రావట్లేదన్నదే అసలు ప్రశ్న.

విశాఖలో ఆ రోజు

2020 మే 16. మొదటి లాక్‌డౌన్ రోజులు. విశాఖ హైవే మీద ఒక మనిషిని చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టేసి, ఆటోలో ఎక్కించిన వీడియో ఆ సాయంత్రానికి రాష్ట్రమంతా చూసింది. ఆయన డాక్టర్ సుధాకర్, నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు డాక్టర్. ఎన్95 మాస్కులు ఇవ్వట్లేదని ఏప్రిల్‌లో బయటికి మాట్లాడి సస్పెండ్ అయ్యారు.

తాగి గొడవ చేశారని పోలీసులు చెప్పారు. కేజీహెచ్‌కి, అక్కడి నుంచి ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆయనకి అలాంటి జబ్బేమీ లేదని కుటుంబం చెప్పింది. ఒక కానిస్టేబుల్‌ని సస్పెండ్ చేశారు. వంగలపూడి అనిత రాసిన లేఖను హైకోర్టు పిల్‌గా తీసుకుంది. మేజిస్ట్రేట్‌ని ఆసుపత్రికి పంపి వాంగ్మూలం రాయించింది. ఆ నివేదికలో ఉన్న గాయాలకీ, ప్రభుత్వం చెప్పిన వాటికీ పొంతన కుదరలేదు. మే 22న కేసు సీబీఐకి ఇచ్చింది. సరిగ్గా ఏడాదికి, 2021 మే 21న, సుధాకర్ గుండెపోటుతో చనిపోయారు.

ఈ కేసు మీద రాజకీయంగా ఎవరి వాదన వాళ్లకుంది. అది కాసేపు పక్కన పెట్టి, సాఫ్ట్‌వేర్ వాళ్లం రాసుకునే ఇఫ్-ఎల్స్ లాగా చూద్దాం.

ఆయన తాగి ఉంటే? డాక్టర్‌తో పరీక్ష చేయించాలి, రూల్ ప్రకారం కేసు రాయాలి. ఆయనకి మానసిక సమస్య ఉంటే? ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అదీ మర్యాదగా. రెండూ కాకపోతే? అసలు ముట్టుకోవడానికే కారణం లేదు. మూడు దారుల్లో ఏ దారిలో వెళ్లినా చివర్లో తాడు రాదు. ఎవరి మాట నిజమైనా ఆ తాడు తప్పే.

సెక్షన్ 100 ఏం చెబుతోంది

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 100 పూర్తిగా పోలీసుల డ్యూటీ గురించే. మామూలు భాషలో చెప్తే ఇదీ:

స్టేషన్ పరిధిలో ఎవరైనా దిక్కులేకుండా తిరుగుతూ, మానసిక జబ్బు వల్ల తన బాగోగులు తాను చూసుకోలేని స్థితిలో కనిపిస్తే, లేదా ఆ జబ్బు వల్ల తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేలా ఉంటే, స్టేషన్ ఇన్‌చార్జి ఆ మనిషిని రక్షణలోకి తీసుకోవాలి. గమనించండి, అరెస్ట్ కాదు, రక్షణ. ఎందుకు తీసుకెళ్తున్నారో ఆయనకి చెప్పాలి. అర్థం చేసుకునే స్థితిలో లేకపోతే ఆయన తరఫు ప్రతినిధికి చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాలి. లాకప్‌లో పెట్టకూడదు, ఒక్క రాత్రి కూడా. అడ్మిషన్ అక్కర్లేదని డాక్టర్ చెప్తే ఇంటికి చేర్చాలి. ఇల్లు లేకపోతే ప్రభుత్వ ఆశ్రయానికి చేర్చాలి. దిక్కులేకుండా తిరిగే మనిషైతే మిస్సింగ్ కేసు కట్టి కుటుంబాన్ని వెతికే బాధ్యత ఎస్‌హెచ్‌ఓదే.

"తాగుబోతు కదా, ఈ చట్టం వర్తించదు" అనడానికీ లేదు. మద్యం, డ్రగ్స్ అలవాటు వల్ల వచ్చే మానసిక పరిస్థితులు కూడా ఈ చట్టం ఇచ్చిన నిర్వచనంలోనే ఉన్నాయి.

గొలుసులతో కట్టడాన్ని సెక్షన్ 95 ఏ రూపంలోనూ ఒప్పుకోదు. దాని వెనక ఒక పెద్ద విషాదం ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మంటలొచ్చినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేక 28 మంది రోగులు కాలిపోయారు.

చట్టాన్ని ఉల్లంఘిస్తే శిక్ష కూడా ఉంది. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. అది సెక్షన్ 108. అంబులెన్స్ నంబర్ కూడా అదే కాబట్టి గుర్తుపెట్టుకోవడం ఈజీ.

రూల్ ఉంది, మరి రిహార్సల్?

మా ఫీల్డ్‌లో రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే, డ్యూటీలో ఉన్న కొత్త కుర్రాడి ముందు ఒక రన్‌బుక్ ఉంటుంది. మొదట ఇది చెయ్, తర్వాత అది చెయ్, కుదరకపోతే ఫలానా వాళ్లని లేపు. "నీకు తోచింది చెయ్" అని ఎవరూ అనరు. మనుషుల ప్రాణాలతో డీల్ చేసే కానిస్టేబుల్‌కి మాత్రం చాలాసార్లు తోచిందే రన్‌బుక్. బందోబస్తులతో నిద్రలేని మనిషి, చుట్టూ జనం, ఎదురుగా అరుస్తున్న ఒకాయన. కానిస్టేబుల్‌కీ భయమే. భయమేసినప్పుడు చేతికి అలవాటైన పనే ముందు వస్తుంది. ఆ అలవాటుని మార్చడానికే ట్రైనింగ్. పోలీసులకి ఎప్పటికప్పుడు ఈ అవగాహన శిక్షణ ఇవ్వాలని ఇదే చట్టం సెక్షన్ 30లో ప్రభుత్వానికి చెప్పింది.

అమెరికాలోని మెంఫిస్‌లో 1987లో మానసిక సమస్యతో కత్తి పట్టుకున్న ఒక యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపారు. ఊరు ఊరుకోలేదు. మరుసటి ఏడాది అక్కడ కొత్త పద్ధతి మొదలైంది. ముందుకొచ్చిన పోలీసులకి 40 గంటల ట్రైనింగ్. డాక్టర్లతో పాటు రోగుల కుటుంబాలు కూడా అందులో పాల్గొంటాయి. నేర్పేది సింపుల్: దూరంగా నిలబడు, ఒక్కరే మాట్లాడండి, గొంతు పెంచకు, తొందరపడకు. రెండో సగం ఇంకా ముఖ్యం. పోలీసులు తెచ్చిన మనిషిని ఆసుపత్రి ఏ టైమ్‌లో అయినా చేర్చుకోవాలి, వెనక్కి పంపకూడదు. ఆసుపత్రి తలుపు తెరవకపోతే మంచి కానిస్టేబుల్ కూడా స్టేషన్‌కే తిరిగొస్తాడు.

అమెరికా సంగతి మనకెందుకు అంటారా? 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారనే వాట్సాప్ పుకార్లతో తెలుగు రాష్ట్రాల్లో ఊళ్లోకి వచ్చిన కొత్తవాళ్ల మీద, మతి స్థిమితం లేని వాళ్ల మీద దాడులు జరిగాయి. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ముందే పోలీసులకి ట్రైనింగ్ ఇచ్చి, ఊరికొకరిని అప్పగించి, డప్పు పాటలతో పుకార్లని ఎదుర్కొన్నారు. మన కానిస్టేబుళ్లకి నేర్పితే వాళ్లూ నేర్చుకుంటారు.

మన దగ్గర ఏం కావాలి

కొత్తపట్నం నుంచి ఒంగోలు ఇరవై కిలోమీటర్ల లోపే. అక్కడ రిమ్స్ ఉంది. విశాఖ మానసిక ఆసుపత్రి దాకా దాదాపు 500 కిలోమీటర్లు వెళ్లక్కర్లేదు. కావలసింది మూడే. స్టేషన్ గోడ మీద తెలుగులో సెక్షన్ 100. రాత్రి కూడా ఫోన్ ఎత్తే ఆసుపత్రి నంబర్. ఇలా తీసుకెళ్లిన ప్రతి మనిషికీ ఎన్నింటికి పట్టుకున్నారు, ఎన్నింటికి ఆసుపత్రికి చేర్చారు అని రాసే ఒక రిజిస్టర్. రాసి ఉంటేనే రేపు ఎవరైనా అడగగలరు. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లోనే ఆదేశించింది. ఆ ఫుటేజీతో పాటు ఈ రిజిస్టర్ కూడా ఉంటే జవాబుదారీతనం వీడియో వైరల్ అయ్యే దాకా ఆగదు.

ఆనాడు హైకోర్టుకి లేఖ రాసిన అనిత 2024 జూన్‌లో రాష్ట్ర హోం మంత్రి అయ్యారు. ఈ మూడూ ఎందుకు కావాలో ఆవిడకి ఎవరూ వివరించక్కర్లేదు.

ఫోన్ మన చేతిలో ఉన్నప్పుడు

112కి చేసినప్పుడు "పిచ్చోడు గొడవ చేస్తున్నాడు" అనకండి. "ఒకాయన మానసికంగా ఇబ్బందిలో ఉన్నాడు, 108 కూడా కావాలి" అనండి. వచ్చే వాళ్లు ఏ మూడ్‌లో దిగుతారనేది చాలావరకు ఆ ఒక్క వాక్యంతోనే తేలుతుంది.

గుంపుని వెనక్కి జరపండి. ఒక్కరే, నెమ్మదిగా మాట్లాడండి. ఏం చేయాలో తోచకపోతే 14416, టెలీ మానస్. ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

పోలీసులు కొడుతుంటే వీడియో తీయండి. విశాఖ వీడియో లేకపోతే కేసు హైకోర్టు దాకా వెళ్లేదే కాదేమో. కానీ దాన్ని స్టేటస్‌లో పెట్టకండి. కుటుంబానికో, లాయర్‌కో, కోర్టుకో ఇవ్వండి. ఆయనకి నయమయ్యాక కూడా ఆ రీల్ తిరుగుతూనే ఉంటుంది.

చివరిగా, జీపు ఎక్కిస్తున్నప్పుడు భయపడకుండా, మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: "సార్, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు?"